హింద్‌మోటర్‌లో మా ఇల్లు

హౌరాలో బర్ధమాన్ వైపు వెళ్లే లోకల్ ఎక్కితే లిలువా, బేలూర్, బాలీ, ఉత్తర్‌పాడా దాటాక హింద్ మోటర్ స్టేషన్ వస్తుంది. కార్ల ఫ్యాక్టరీ పేరే ఊరికి స్థిరపడిపోయింది. నేను పుట్టింది అక్కడే. సెలవులకి టెక్కలి దగ్గర మా తాతగారి ఊరు వెళ్లినప్పుడు "మీదే ఊరే పాపా?" అని ఎవరడిగినా అదే చెప్పేదాన్ని. "ఊరు పేరడిగితే కారు పేరు సెప్తాదేటిరా ఈ పిల్ల!" అని నవ్వేవాళ్లు.

తాత ఆ దేశం పోయింది కార్లు చెయ్యడానికి కాదు, గోనెసంచులు నెయ్యడానికి. హుగ్లీ ఒడ్డున రిష్రాలో 1855లోనే మన దేశపు మొదటి జూట్ మిల్లు పెట్టారు. తరవాత నది పొడుగునా మిల్లులే మిల్లులు. బీహారు, ఒరిస్సా వాళ్లతో పాటు మన శ్రీకాకుళం జనం కూడా మద్రాసు మెయిలెక్కి అక్కడికి వలస పోయారు. నార దుమ్ము పీల్చీ పీల్చీ తాతకి దగ్గు పట్టుకుంది. కొడుకు ఆ దుమ్ములోకి రాకూడదని పట్టుబట్టి, రెండు స్టేషన్ల ఇవతల కార్ల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారని తెలియగానే నాన్నని అక్కడికి తరిమాడు.

హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర మొదలైంది. బిర్లాల కంపెనీ. 1948లో బెంగాల్‌కి మకాం మార్చింది. ఇంగ్లండు మోరిస్ కార్ల నమూనాలు తెచ్చుకుని హిందుస్థాన్ టెన్, ల్యాండ్‌మాస్టర్ చేశారు. 1950ల చివర్లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సీరీస్ ఆధారంగా అంబాసిడర్ దించారు. నాన్న చేరింది ఆ కొత్తలోనే.

ఆయన పని బాడీ షాపులో. ప్రెస్సు షాపులో ఒత్తిన రేకులు అక్కడికొచ్చి వెల్డింగ్ అయ్యేవి. అతుకు పడ్డ చోటల్లా ఆకురాయి పట్టి నున్నగా చెయ్యాలి. రంగు పడకముందు రేకు మీది ఎగుడుదిగుడు కంటికి ఆనదు, చేతికే తెలుస్తుంది. నూలు గ్లవ్ తొడుక్కుని అరచెయ్యి పరిచి మెల్లగా నిమురుతూ పోవాలి. వట్టి చెయ్యయితే చెమటకి రేకుకి అంటుకుంటుంది, జారదు. చెయ్యి తడబడిన చోట సుద్దముక్కతో గీత గీసి, లోపలినుంచి ఇనప దిమ్మ ఆనించి, పైనుంచి సుత్తితో తట్టాలి. కొట్టకూడదు, తట్టాలి. దెబ్బ గట్టిగా పడితే రేకు సాగుతుంది, సాగిన రేకుని మళ్లీ దారికి తేవడం మహా కష్టం.

ఈ అలవాటు ఇంట్లోనూ పోలేదు. అమ్మ పాత బట్టలకి స్టీలు గిన్నె బేరమాడుతుంటే నాన్న ఊరికే గిన్నె అందుకుని ఒకసారి చుట్టూ తడిమి, సొట్ట ఉన్నచోట వేలు పెట్టేవాడు. ఆ సామాన్లవాడు అమ్మ బేరానికి జంకేవాడు కాదు గాని, నాన్న ఇంట్లో ఉన్నాడంటే మా గుమ్మం దాటేసేవాడు.

ఫ్యాక్టరీ లోపలికి మేం వెళ్లగలిగింది విశ్వకర్మ పూజనాడే. సెప్టెంబరు 17న గేట్లు ఇంటివాళ్లకి కూడా తెరిచేవారు. బెంగాల్లో గాలిపటాల పండగ కూడా ఆ రోజే. ఏ మేడ మీంచి చూసినా "భో కట్టా!" అని కేకలు. లోపల మాత్రం మిషన్లన్నీ ఆగిపోయి, బొట్లు పెట్టుకుని, దండలు వేసుకుని ఉండేవి. షాపుకో విగ్రహం, ప్రతి షాపువాళ్లకీ తమ పందిరే గొప్ప. ప్రెస్సు చూసి మొదటిసారి అమ్మ నోరెళ్లబెట్టింది. "ఇంత మిషనుంటే ఇంక నీ సెయ్యెందుకు?" అంది. "మిషను ఒత్తుతాది. ఒత్తింది బాగున్నాదో లేదో దానికేటి తెలుస్తాది?" అన్నాడు నాన్న. మా మాట అర్థంకాని పక్కింటి బిహారీ బాబాయి కూడా ఎందుకో తలాడించాడు. ఇంట్లో తెలుగు, షాపులో హిందీ, బజార్లో బెంగాలీ: మా లైన్లో అందరి బతుకూ ఇలాగే మూడు భాషల్లో నడిచేది.

అంబాసిడర్లు రోజూ చేతుల మీదుగా పోయినా మా లైన్లో కారున్న ఇల్లు ఒక్కటీ లేదు. షిఫ్టు వదిలితే గేటు బయట సైకిళ్లే. నాన్న మా ఇంటి శుభకార్యానికి అంబాసిడర్ ఎక్కింది నా పెళ్లికి, అదీ టెక్కలిలో అద్దెకి. ఎక్కేముందు కనకాంబరాల దండ పక్కకి నెట్టి వెనక ఫెండర్ తడిమి చూశాడు. పెళ్లికొడుకు మేనమామకి అనుమానం వచ్చి "ఏటి బావా, బండి బాగోలేదా?" అన్నాడు. "బండి మాదే. ఈ దెబ్బ మాది కాదు" అని తేల్చి అప్పుడు కూర్చున్నాడు.

అది లైసెన్సుల కాలం. కారు కొనాలంటే అంబాసిడర్, లేదా ఫియట్, లేదా స్టాండర్డ్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. 1962లో మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ, 1979లో మార్క్ ఫోర్ వచ్చాయి. ముందరి గ్రిల్లు మారింది, లైట్లు మారాయి, ఒంటి తీరు మాత్రం అదే. గుంతల రోడ్డుకి తట్టుకుంటుంది, ఏ పల్లెటూరి మెకానిక్కయినా విప్పగలడు, మంత్రులూ కలెక్టర్లూ దాంట్లోనే తిరుగుతారు. ఇంక మార్చడమెందుకు? "సర్కారున్నన్నాళ్లూ ఈ బండికి సావు లేదు" అనేవాడు నాన్న. ఆయన్నొక్కణ్ణే అనడానికి లేదు, ఊరు ఊరంతా అదే ధీమా. మా పొయ్యి మీద ఎసరు పెట్టింది ఆ బుకింగుల వరసే. కారుని ముసలిదాన్ని చేసింది కూడా అదేనని నా లెక్క.

1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చింది. వరస అక్కడికి మళ్లింది. 1990ల మొదట్లో ఇసుజు ఇంజిను పెట్టిన అంబాసిడర్ తెచ్చారు. అది బాగానే పరిగెత్తింది, కానీ కొనేవాళ్ల కన్ను అప్పటికే వేరే కార్ల మీద పడింది. 1980ల్లో ఏడాదికి 24 వేల దాకా అమ్ముడైన బండి 2013-14లో రెండున్నర వేలు కూడా దాటలేదు. 2014 మే 24న గేటుకి పని నిలిపివేత నోటీసు అంటించారు. అప్పటికి దాదాపు 2,600 మంది పనివాళ్లు ఉన్నారు. 2017లో అంబాసిడర్ అనే పేరుని ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొనుక్కుంది. పేరుకి ధర కట్టడం తేలిక, రేకు తడిమే చేతికి ఎవరు కడతారు?

బిర్లాల చరిత్ర రాయడానికి మనుషులున్నారు. హుగ్లీ ఒడ్డుకి వెళ్లిన మన తెలుగువాళ్ల సంగతి మాత్రం ఇళ్లల్లో మాటల్లోనే ఉండిపోయింది, ఆ మాటలు చెప్పేవాళ్లు కూడా తగ్గిపోతున్నారు. మీ ఇంట్లో రిష్రాలోనో, టిటాగఢ్‌లోనో, హింద్‌మోటర్‌లోనో పనిచేసిన పెద్దవాళ్లుంటే ఏ షాపు, ఏ మిషను, చేత్తో ఏ పని చేశారు అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. పాత గేటుపాసులు, టోకెన్లు దొరికితే పాతసామాన్ల వాడికి వెయ్యకండి.