సూపర్ మారియో బ్రదర్స్
పక్కకు జరిగే తెరపై గెంతుతూ సాగే వీడియో ఆట. షిగెరు మియామోటో, తకాషి తెజుకా రూపకల్పనలో నింటెండో 1985లో జపాన్‌లో విడుదల చేసింది. ఇందులో 8 లోకాలు, 32 అంచెలు ఉన్నాయి.

1990లలో శ్రీకాకుళం, విజయనగరం వంటి పట్టణాల పిల్లలకు ఇది నింటెండో ఆట యంత్రాల నకళ్ల మీద, ‘టీవీ గేమ్’గానే పరిచయం. బొద్దు మీసాల మారియో ముద్దొస్తాడు, నిజమే. ఆడినవాళ్లు ఎక్కువగా మెచ్చేది మాత్రం అతని గెంతును. మీట నొక్కిపట్టిన కొద్దీ ఎత్తు పెరుగుతుంది, గాలిలోనే దిశ మార్చుకోవచ్చు. ఇంగ్లీషు అక్కర్లేదు: మొదట ఎదురొచ్చే శత్రువే గెంతడం నేర్పుతుంది. ఇంత చక్కటి తొలి పాఠం ఏ ఆటకైనా అరుదు.

తెర వెనక్కి జరగదన్నది పాత ఫిర్యాదు. 4-4, 7-4 (లోకం-అంచె) కోటల్లో దారి తప్పితే అదే చోటు మళ్లీ మళ్లీ వస్తుంది. ఆటను దాచుకునే వీలు లేదు కనుక కరెంటు పోతే మొదటికే.