విషాన్ని పట్టే బొగ్గు

షికాగో మాంసం కంపెనీలకు 1920ల చివర్లో ఓ తలనొప్పి వచ్చిపడింది. వాళ్లు వాడే కుళాయి నీళ్లకు ఆసుపత్రి వాసన. ఆ వాసన సరుకుకూ పట్టుకుంటోంది. కారణం కర్మాగారాలు వదిలే నీళ్లలోని ఫినాల్. ఉత్తి ఫినాల్ అంతగా తెలియదు కానీ, క్రిములను చంపడానికి వేసే క్లోరిన్‌తో కలిస్తే క్లోరోఫినాల్ అవుతుంది. లీటరు నీటిలో మిల్లీగ్రాములో కొన్ని వెయ్యోవంతులున్నా చాలు, నాలుక పసిగట్టేస్తుంది. చివరికి మాంసం కంపెనీలే నీళ్లలో మెత్తటి బొగ్గుపొడి కలిపి వాసన వదిలించుకున్నాయి. అదే రోజుల్లో, 1929లో, జర్మనీలోని హామ్ పట్టణం బొగ్గు గుళికల మీదుగా నీటిని వడకట్టడం మొదలుపెట్టింది.

బొగ్గుకు ఈ గుణం ఉందని అప్పటికి దాదాపు నూటయాభై ఏళ్ల నుంచే తెలుసు. 1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్ రాజాస్థాన ఔషధశాలలో పనిచేసే తొబియాస్ లోవిట్స్, టార్టారిక్ ఆమ్లం తయారుచేస్తుంటే ద్రావణం గోధుమరంగుకు తిరిగేది. అందులో బొగ్గుపొడి పడితే రంగు విరిగి తేటపడడం గమనించాడు. ఊరుకోలేదు, సారాయి మీదా, మురిగిన నీళ్ల మీదా అదే పని చేసి చూశాడు. 1811లో ఫ్రాన్స్‌కు చెందిన ఫిగియే కట్టెబొగ్గు కన్నా ఎముకల బొగ్గు రంగును బాగా లాగుతుందని చూపించాడు. చక్కెర మిల్లులు దాన్ని వెంటనే అందిపుచ్చుకున్నాయి. మనం తెల్లటి పంచదారకు అలవాటు పడడం వెనక ఆ ఎముకల బొగ్గు చేయి చాలానే ఉంది.

అసలు మలుపు 1900, 1901 సంవత్సరాల్లో వచ్చింది. రఫాయెల్ ఫాన్ ఓస్ట్రేయ్కో పేటెంట్లు తీసుకున్న పద్ధతుల్లో ఒకటి, ఎర్రగా కాగిన బొగ్గు మీదికి ఆవిరి పంపడం. ఆవిరి బొగ్గును లోపల్లోపల కొంత తినేస్తుంది. తిన్నచోటల్లా కంటికి కనిపించని రంధ్రాలు మిగులుతాయి. ఇలా తయారైన యాక్టివేటెడ్ కార్బన్ ఒక్క గ్రాము తీసుకుని, ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే దాదాపు వెయ్యి చదరపు మీటర్లు. మన లెక్కలో పది గుంటల చేను. విషపు అణువులు వచ్చి అంటుకునేది ఆ గోడలకే. దీన్నే పాఠ్యపుస్తకాలు అధిశోషణం అంటాయి.

ఈ సరుకును పెద్ద ఎత్తున చేయించింది మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం. 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ దగ్గర జర్మన్లు శత్రు సైన్యం మీదికి క్లోరిన్ వాయువు వదిలారు. అదే ఏడాది రష్యాలో రసాయన శాస్త్రవేత్త జెలిన్‌స్కీ బొగ్గు నింపిన ముసుగు తయారుచేశాడు. ముసుగుల బొగ్గు కోసం 1918లో అమెరికా ప్రభుత్వం ప్రజల నుంచి పీచ్ పండ్ల టెంకలూ, గింజల పెంకులూ పోగుచేయించింది. అన్నిటిలోకీ కొబ్బరి చిప్ప బొగ్గు మేలని తేలింది. చిప్ప గట్టిది, రంధ్రాలు బహు సన్నవి. ఆ ఏడే ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఈ అంటుకోవడానికి ఓ సమీకరణం రాశాడు. దాని సారం చిన్నదే. ఉపరితలం మీద చోటు పరిమితం, అది నిండితే ఇక పట్టదు.

ఆ సంగతి తెలియాలంటే ఫ్యాక్టరీ కార్బన్ కాలమ్‌ను చూడాలి. నిలువెత్తు ఇనుప గొట్టం, నిండా నల్లటి గుళికలు. నీళ్లు పైనుంచి దిగుతాయి. ముందు పైపొర నిండుతుంది, తర్వాత దాని కింది పొర. నిండిన పొరకూ నిండని పొరకూ మధ్య గీత మెల్లగా కిందికి జారుతుంటే అడుగున వచ్చే నీళ్లు మాత్రం తేటగానే ఉంటాయి. గీత అడుగు తాకిందో, విషం బయటికి వచ్చేస్తుంది. చాలా విషాలకు రంగుండదు కాబట్టి పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

మన పటాన్‌చెరు దగ్గరికి వద్దాం. అక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాల కోసం 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లు దానికి చేరేవి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రకటించింది. ఒక్కరోజులో అలా పోయే మందు స్వీడన్ మొత్తం ఐదు రోజులు వాడేంత. అదంతా ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి. ఆ కేంద్రం ప్రధానంగా బ్యాక్టీరియాతో శుద్ధి చేసేది. బ్యాక్టీరియాను చంపే మందును బ్యాక్టీరియా చేతే తినిపించాలనుకోవడం విడ్డూరమే. మరి కార్బన్ పెడితే సరిపోయేదా? ఈ మందు కార్బన్‌కు బాగానే అంటుకుంటుంది. అయితే అన్నిరకాల సేంద్రియ పదార్థాలూ కలిసిన చిక్కటి నీళ్లలో మిగతా చెత్తే ముందు చోటంతా ఆక్రమిస్తుంది. కార్బన్ చివరి మెట్టుగా బాగా పనికొస్తుంది, మొదటి మెట్టుగా డబ్బు దండగ.

చవక బొగ్గుల మీద మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలకు లోటు లేదు. వేరుశనగ తొక్క, చింతపిక్క, వరి ఊక, వేపాకు, దేన్నీ వదల్లేదు. వాటిలో చాలావరకు స్వేదనజలంలో మిథిలీన్ బ్లూ అనే రంగు కలిపి చేసిన ప్రయోగాలే. ఫ్యాక్టరీ నీళ్లు స్వేదనజలంలా ఉండవు. అందుకే థీసిస్‌లోని తొంభై అయిదు శాతం శుద్ధి ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి రాదు.

ఇంకో చిక్కుంది. బొగ్గు విషాన్ని చంపదు, పట్టుకుని కూర్చుంటుంది, అంతే. నిండిన బొగ్గును 800, 900 డిగ్రీల కొలిమిలో కాల్చి మళ్లీ వాడుకోవచ్చు. ప్రతిసారీ కొంత తరుగు తప్పదు. చిన్న ఫ్యాక్టరీలకు సొంత కొలిమి పెట్టుకునే స్తోమత ఉండదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన కార్బన్ ప్రమాదకర వ్యర్థమే. దాన్ని దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికో, సిమెంటు బట్టీకో లెక్క ప్రకారం పంపాలి.

మీ ఊరి పక్క ఫ్యాక్టరీ కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్లండి. కార్బన్ ఫిల్టర్ పెడతాం అని వాళ్లు చెబితే రెండు ప్రశ్నలు అడగండి. ఎన్నాళ్లకోసారి మారుస్తారు? తీసిన బొగ్గు ఎక్కడికి పంపుతారు? జవాబును మినిట్స్‌లో రాయించండి.