ఆసుపత్రిలో నిద్రమాత్ర: నర్సుల వైఖరి

ఆసుపత్రిలో చేరిన రోగికి నిద్రమాత్ర రాసేది డాక్టరే. దాన్ని ఏ రాత్రి ఇవ్వాలో, ఏ రాత్రి ఆపాలో మాత్రం చాలాసార్లు నైట్ డ్యూటీ నర్సే తేల్చుకోవాలి. కేస్ షీట్‌లో మందు పక్కన ‘ఎస్.ఓ.ఎస్.’ అని ఉంటే అవసరమైతేనే ఇవ్వమని. ఆ అవసరం ఎంతన్నది నర్సు అనుభవం, భయం, ఆ రాత్రి వార్డులో ఉన్న పనిభారాన్ని బట్టి మారిపోతుంది.

నిద్ర పట్టక బాధపడుతూ అడిగే రోగికి మాత్ర ఇవ్వకపోవడం నిర్దయ అనుకునే నర్సులున్నారు. ఏళ్లుగా వాడుతున్న మాత్రను ఆసుపత్రిలో హఠాత్తుగా ఆపకూడదన్న వాళ్ల మాటలో నిజముంది. బెంజోడయాజెపైన్ రకం నిద్రమాత్రలు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఒక్కోసారి మూర్ఛలు కూడా వస్తాయి.

అర్ధరాత్రి బాత్రూముకు లేచి పడిపోయిన ముసలాయనను చూసిన నర్సుకు మాత్రం అదే మాత్ర అంటే జంకు. ఆ జంకూ ఊరికే కలిగింది కాదు. 2013లో వెలువడిన మేయో క్లినిక్ అధ్యయనంలో జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర వేసుకున్న ఇన్‌పేషెంట్లలో 3.04 శాతం మంది పడిపోగా, ఆ మందు రాసినా వేసుకోనివాళ్లలో 0.71 శాతమే పడ్డారు. వృద్ధుల్లో డెలీరియం, అంటే ఉన్నట్టుండి మతి తబ్బిబ్బయ్యే స్థితి, ముప్పు కూడా ఉంది. వృద్ధులకు తగని మందుల బీర్స్ జాబితాలో నిద్రమాత్రలు చేరింది అందుకే.

ఇంతకీ రోగి నిద్రపోయాడా లేదా అన్నది పైనుంచి చూసి చెప్పడం తేలిక కాదు. 1985లో స్వీడన్ పరిశోధకులు శస్త్రచికిత్స అయిన రోగుల నిద్రను యంత్రాలతో కొలిచినప్పుడు, సిబ్బంది వేసిన అంచనా అసలు నిద్రకంటే ఎక్కువని తేలింది.

నిద్ర చెడగొట్టేది చాలావరకు వార్డే: ఆరని లైట్లు, మానిటర్ల కూతలు, తెల్లవారకముందే రక్తనమూనాలు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటి తన నర్సింగ్ పుస్తకంలో చప్పుడు మీద ఒక అధ్యాయమే రాసింది. అమెరికాలో షారన్ ఇనౌయే బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో, మాత్రకు ముందు వృద్ధ రోగులకు వీపు మర్దన, వేడి పానీయం, మంద్రమైన సంగీతం అందించారు. నిద్రమందుల వాడకం 54 శాతం నుంచి 31 శాతానికి పడింది.

మాత్ర ఇవ్వడానికి పట్టేది నిమిషం, మర్దనకు చాలా ఎక్కువ. వార్డంతా ఒక్క నర్సే చూసుకునే రాత్రి మాత్రవైపే మొగ్గు ఉంటే దాన్ని బద్ధకం అనడం అన్యాయం. మన ఆసుపత్రుల్లో మంచం పక్కన ఇంటివాళ్లుంటారు. వీపు మర్దన చేయడం, వేడి పాలు పట్టడం సిస్టర్ చెబితే వాళ్లూ చేయగలరు. కానీ చాలాసార్లు నిద్రమాత్ర కావాలని సిస్టర్ దగ్గరికి ముందుగా వెళ్లేది కూడా వాళ్లే.