సర్కారు తుమ్మ: పేరులో దాగిన చరిత్ర

చెరువు కట్టల మీద, రైలు పట్టాల పక్కన, బీడు భూముల్లో గుబురుగా పెరిగే సర్కారు తుమ్మను మీరు చూసే ఉంటారు. దాని ముల్లు గుచ్చుకున్న అనుభవం కూడా ఉండవచ్చు. పేరులో తుమ్మ ఉన్నా, వృక్షశాస్త్రం ప్రకారం ఇది దసరానాడు మనం పూజించే జమ్మికి దగ్గరి చుట్టం. మరి ‘సర్కారు’ అనే మాట దీనికి ఎలా చేరింది? చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ కాస్త ఆగాలి. శాసనాలు, దస్తావేజుల లాగే ఊరి జనం పెట్టుకున్న పేర్లు కూడా ఆధారాలే.

ఈ చెట్టు పుట్టిల్లు మధ్య అమెరికా, కరిబియన్ ప్రాంతం. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ దీని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వాన్ని కోరాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. అవి ధాత కరువు రోజులు. కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు అప్పుడు అల్లాడిపోయాయి. అంతమాత్రాన కరువు వల్లనే విత్తనాలు వచ్చాయని తొందరపడి రాయకండి. రెండు సంఘటనలు ఒకే కాలంలో జరిగితే ఒకటి మరొకదానికి కారణం కానక్కరలేదు. మెట్ట ప్రాంతాల్లో కట్టెల కొరత కరువుకు ముందే ఉంది. నీరు లేని నేలలో త్వరగా పెరిగే చెట్టు అధికారులకు వరంలా కనిపించింది.

ఇతర భాషల వాళ్ళు దీన్ని ఏమంటారో చూడండి. కన్నడిగులకు ఇది ‘బళ్ళారి జాలి’. తమిళులకు ‘సీమై కరువేలం’, అంటే పరదేశపు తుమ్మ. గుజరాత్‌లో ‘గాండో బావళ్’, అంటే పిచ్చి తుమ్మ. అక్కడి కచ్ ప్రాంతపు బన్నీ గడ్డి మైదానంలో ఉప్పునేల పాకకుండా 1960వ దశకం మొదట్లో అటవీ శాఖే దీన్ని నాటించింది. ఆ తర్వాత పశువుల కాపరుల గడ్డి నేలలో చాలా భాగాన్ని ఈ చెట్టు ఆక్రమించింది.

ఇంతగా ఎలా వ్యాపించింది? దీని ఆకును మేకలు పెద్దగా ముట్టవు, తియ్యటి కాయలను మాత్రం ఇష్టంగా తింటాయి. గట్టి పెంకున్న గింజలు అరగకుండా పేడలో, పెంటికలలో బయటపడి మొలకెత్తుతాయి. పైకి కొట్టేస్తే చావదు, మొదట్లో నుంచి పది చిగుళ్ళు వేస్తుంది. వేరు మొదలును నేలమట్టానికి దిగువ దాకా తవ్వి తీయాలి. వాన పడగానే మళ్ళీ వచ్చి మొలకలను పీకాలి. ఆ నేలలో గడ్డో పైరో వేయకపోతే ఒకటి రెండేళ్ళలో కంప తిరిగి వస్తుంది.

అయితే ఈ కంపే ఎన్నో ఇళ్ళకు పొయ్యి కట్టె. తమిళనాడులోని రామనాథపురం వంటి జిల్లాల్లో బొగ్గు కాల్చి బతికే కుటుంబాలున్నాయి. 2017లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం వీటిని తొలగించమని ఆదేశించినప్పుడు ఈ చర్చ బాగా ముదిరింది. చెరువులు, కాలువల నుంచి వీటిని తీయడంలో తప్పులేదని నా అభిప్రాయం. కానీ భూమిలేని వాళ్ళ వంటకు ఇంకో దారి చూపకుండా ఊరంతా నరికించడం, 1877లో ఊరివాళ్ళను అడగకుండా నాటించడం లాంటిదే.

అభ్యాసం: మీ ఊరిలో డెబ్భై ఏళ్ళు దాటిన ఇద్దరిని కలవండి. ఒకరు పొలం ఉన్నవారు, ఒకరు లేనివారు కావాలి. ఈ చెట్టును వాళ్ళ చిన్నప్పుడు ఏమని పిలిచేవారో, మొదట ఎక్కడ చూశారో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.