మంటికుండ నుండి సెల్‌ఫోను వరకు

ఈ శతవార్షికోత్సవ సంచిక కొరకు పాత ఫోటోలు ఉంటే పంపవలసినదని సంఘములకు కబురు అందినప్పుడు, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు గ్రామ సంఘములలో కొన్నిటికి నేనే వెళ్లాను. కబురు పెడితే ఎవరును పంపరు, వెళ్లి కూర్చుంటే పెట్టె తెరుస్తారు అని నాకు అనుభవము. అయినను దొరికినవి చాల తక్కువ. ఎల్లారెడ్డి అవతల ఒక గ్రామములో, ఎనుబది ఏండ్లు దాటిన ఒక తల్లి తన ట్రంకు పెట్టె అడుగు నుండి అరచేయి అంత ఫోటో ఒకటి తీసి నా చేతిలో పెట్టినది. అంచులను చెదలు తిన్నవి. చెట్టు క్రింద పదకొండు మంది, కొందరు నిలబడి, కొందరు నేల మీద కూర్చుండి ఉన్నారు. ఆమెకు చూపు మందగించినది కనుక అందులోని ముఖములు ఆమెకు కనబడక చాల ఏండ్లయినది. నాతో వచ్చిన యౌవనస్థుడు దానిని సెల్‌ఫోనుతో తీసి, రెండు వ్రేళ్లతో పెద్దది చేసి, ఆమె ముఖమునకు దగ్గరగా పట్టుకొన్నాడు.

"గీమె మా మేనత్త గదా అయ్యగారూ!" అన్నది ఆ తల్లి. ఆ తరువాత ఒక్కొక్కరిని వ్రేలితో తాకుతూ పేర్లు చెప్పసాగినది. తాకినప్పుడెల్ల బొమ్మ పక్కకు జరిగిపోయేది, కుర్రవాడు మరల సరిచేసేవాడు. "గీ పిల్లను సూడుండ్రి, మొకం ముడుసుకున్నది. అన్నం తినకముందే గుంజుకచ్చి కూసోబెట్టిండ్రు ఫోటువ కోసం" అని నవ్వినది. ఆ పిల్ల ఎవరు అవ్వా అని అడిగాను. "నేనే" అన్నది.

పదకొండు మందిలో తొమ్మిది మంది పేర్లు చెప్పగలిగినది. ఇద్దరి పేర్లు ఎంత ఆలోచించినను జ్ఞాపకము రాలేదు. ఆ ఇద్దరిని ఎరిగిన వారు ఆ ఊరిలో ఇప్పుడు మరెవ్వరును లేరు.

మ్యూజియము అనగానే మనకందరికి మొదట తోచేది హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియము. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దానిని ప్రారంభించారు. బడి పిల్లలుగా బస్సులో వెళ్లి, గంట కొట్టే గడియారము ముందు నేల మీద కూర్చుండి, చిన్న బొమ్మ ఎప్పుడు బయటికి వస్తుందా అని ఎదురు చూసిన వారు ఈ సంచిక చదువరులలో చాలమంది ఉంటారు. అక్కడనే ముసుగు వేసుకొన్న రెబెక్కా పాలరాతి విగ్రహము కలదు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినది. ఆమె మన బైబిలులోని రిబ్కాయే. ఇస్సాకును దూరము నుండి చూచి ముసుగు వేసుకొన్న ఘట్టము అది. సండేస్కూలులో ఆ కథ చెప్పే ఉపాధ్యాయులలో ఎంతమంది ఆ విగ్రహమును చూచి ఉంటారు? ఇప్పుడు ఆ మ్యూజియములోని వస్తువులు అనేకము ఫోటోతో, వివరముతో సహా 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా' అను కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నవి. పూనాలోని సి-డాక్ సంస్థవారు 'జతన్' అనే సాఫ్ట్‌వేరును ఇందుకొరకే తయారు చేశారు. ఎల్లారెడ్డి సండేస్కూలు పిల్లవాడు హైదరాబాదు బస్సు ఎక్కకుండనే ఆ వస్తువులను చూడవచ్చును. పాలరాయి చల్లదనము ఫోనులో తెలియదు, నిజమే. కాని బస్సు ఛార్జీ లేని పిల్లవాని ఎదుట ఆ మాట అనడము నాకు ఇష్టము లేదు.

మన దగ్గరనే దోమకొండ కోట ఉన్నది. శిథిలమగుచున్న ఆ కోటను బాగుచేసినందుకు యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారములలో 2022లో దానికి 'అవార్డ్ ఆఫ్ మెరిట్' లభించినది. డ్రోనుతో తీసిన దాని వీడియోలను మన యౌవనస్థులు ఒకరికొకరు పంపుకొంటున్నారు. సంతోషమే. అయితే ఆ కోటను, సాలార్‌జంగు కత్తులను, గడియారములను చూచునప్పుడెల్ల నాకొక ప్రశ్న కలుగుతుంది. ఇవన్నియు దొరల వస్తువులు. ఊరి చివరి వాడలో పుట్టి, మొదటి తరములో ప్రభువును నమ్ముకొన్న మన తాతముత్తాతల వస్తువులు ఏ మ్యూజియములో ఉన్నవి?

వారికి భూములు లేవు. అందుచేత వారి పేర్లు పట్వారీ లెక్కలలో లేవు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తిరగవేసినను పట్టాదారుల పేర్లు కనబడును గాని, వారి పొలములలో వంగి పని చేసిన వారి పేర్లు కనబడవు. మెదకు దేవాలయమును చూడండి. పాస్నెట్ దొరగారు 1914లో ఆరంభింపగా 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడినది. కరవు కాలములో అన్నము కొరకు వచ్చిన వారికి పని కల్పించి కట్టించారని మనము ప్రతి క్రిస్మసుకు చెప్పుకొంటాము. దొరగారి పేరు మనకు తెలియును. గాజు కిటికీల చిత్రములను రూపొందించిన ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరును తెలియును. రాళ్లు మోసిన వారి పేర్లు? అటువంటివారి పేర్లు ఎక్కడైన వ్రాసి ఉంటే అది సంఘపు బాప్తిస్మ రిజిస్టరులోనే. తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, వృత్తి, తేదీ. చాల కుటుంబములకు వారి పెద్దల పేరు కాగితము మీద మొదటిసారి పడినది అక్కడనే. మన వారసత్వము ఏదని ఎవరైన అడిగితే, పసుపు పచ్చబడిన ఆ పొడుగాటి పుస్తకమును చూపించాలని నా మనవి.

ఇక మిషనెరీల కాగితముల సంగతి. వారి ఉత్తరములు, రిపోర్టులు, ఫోటోలు ఓడలలో లండను వెళ్లిపోయినవి. మెథడిస్టు మిషనెరీ సొసైటీవారు వాటిని 1978లో లండను విశ్వవిద్యాలయమునకు చెందిన సోయాస్ గ్రంథాలయములో ఉంచారు. నేను వేదాంత కళాశాలలో చదివిన కాలములో, వాటిని చూడవలెనంటే విమానము ఎక్కవలెను, లేదా చూచి వచ్చిన వారి పుస్తకము కొనవలెను. ఇప్పుడు వాటి జాబితాలను ఇక్కడ కూర్చుండి వెదకవచ్చును. అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు పలు మిషనుల పాత ఛాయాచిత్రములను ఒకచోట చేర్చి అందరికి తెరచి ఉంచారు. మన యౌవనస్థులు వెదకగోరితే ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ కాగితములలో కామారెడ్డి జిల్లా అని ఉండదు, ఆ జిల్లా 2016 అక్టోబరు 11న పుట్టినది. నిజామాబాదు అనో, ఇంకను పాతవైతే ఇందూరు అనో, లేక ఊరి పేరే లేకుండ హైదరాబాదు డిస్ట్రిక్టు అనో ఉండును. ఎల్లారెడ్డికి ఇంగ్లీషులో ముందున్న వై అక్షరము ఉండకపోవచ్చును.

వెదకినవారికి ఫోటో దొరుకును. ఫోటో క్రింద ఏమి ఉంటుంది? దొర, దొరసాని ఉంటే వారి పేరు ఉంటుంది. మనవారు ఉంటే 'బైబిలు స్త్రీ', 'గ్రామ క్రైస్తవులు', 'ఒక బోధకుడు, కుటుంబము' అని తరచుగా ఉంటుంది. నేను ఎవరిని తప్పుపట్టడము లేదు. అది చూచే ఇంగ్లండు చందాదారులకు పేర్లతో పని లేదు. కాని నూరేండ్ల తరువాత ఆ ముఖము సముద్రము దాటి మన చేతిలోని ఫోనులోనికి తిరిగి వచ్చినది, పేరు మాత్రము రాలేదు. ఆ పేరు ఏ యంత్రములోను లేదు. ఎనుబది ఏండ్ల తల్లుల నోట ఉన్నది, రిజిస్టరులో ఉన్నది. ఈ రెండును నిలకడ లేనివే.

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయమును మనము సాధారణముగ దాటవేస్తాము. వట్టి పేర్ల పట్టిక అని. చెర నుండి తిరిగి వచ్చిన వారిలో కొందరు తమ వంశావళి పుస్తకమును వెదకి, అందులో తమ పేర్లు కనబడనందున యాజకత్వమునకు దూరముగ ఉంచబడ్డారని అక్కడనే ఉన్నది. యిర్మీయా అనాతోతులో పొలము కొన్నప్పుడు, క్రయపత్రములను బహు దినములు ఉండునట్లు మంటికుండలో పెట్టించెను. పట్టణము శత్రువుల చేతికి పోవుచుండగ కాగితము భద్రము చేసిన మనిషి అతడు! మంటికుండ ఎంత గట్టిదో మన తరము చూచినది. మన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన 1947లోనే మృతసముద్రపు గుహలలో కుండలు బయటపడినవి. అందులోని యెషయా గ్రంథపు చుట్టను, ఏడు మీటర్లకు పైబడిన పొడవుతో, ఇశ్రాయేలు మ్యూజియమువారు గూగుల్ సంస్థతో కలిసి 2011లో అంతర్జాలములో పెట్టారు. నేను దానిని మా సంఘ స్త్రీల మైత్రి కూటమిలో గోడ మీద వేసి చూపించాను. హెబ్రీ ఎవరికిని రాదు, అయినను చివరి వరకు చూచారు.

ఇంతకంటె ఆశ్చర్యమైనది ఏన్గెదీ చుట్ట. పాత సమాజమందిరపు శిథిలములలో 1970లో దొరికినది. బొగ్గు ముద్ద వలె కాలిపోయి, ముట్టుకొంటే పొడి అగు స్థితిలో ఉండెను. నలుబది అయిదేండ్లు ఎవరును విప్పలేదు. రోగి కడుపును చూచే స్కానింగు వంటి యంత్రముతో దానిని పొరపొరగా తీసి, కెంటకీ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు కంప్యూటరులోనే విప్పి 2015లో చదివారు. లేవీయకాండము మొదటి అధ్యాయములు! నాలుగు చోట్ల చెదరిపోయిన సీనాయి వ్రాతప్రతి ఆకులు, లండను, లైప్‌చిగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, సీనాయి మఠము, ఇవి నాలుగును 2009లో అంతర్జాలములో ఒక పుస్తకముగ కలిసినవి. ఆయా ఆకులను ఎవరు ఎవరికి తిరిగి ఇవ్వాలన్న తగవు మాత్రము ఫోటోలతో తీరదు.

మన రిజిస్టర్లకు మంటికుండ లేదు. 2025 ఆగస్టు 27న కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోతను మరచిన వారు లేరు. రైలు పట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయినది, కాలనీలు మునిగినవి, పోచారం ప్రాజెక్టు నిలుస్తుందా అని క్రింది ఊళ్లవారు బిక్కుబిక్కుమంటూ గడిపారు. ఆ రాత్రి బీరువా క్రింది అరలో ఉన్న పుస్తకములను పై అరకు మార్చినప్పుడు నాకు తెలిసినది, మా సంఘములో నూరేండ్ల పేర్లకు ఉన్న రక్షణ ఒక అర ఎత్తు మాత్రమేనని. నేను మొదట పని చేసిన చోట ఒక రిజిస్టరును తెరచితే లోపలి పుటలు లేవు, అట్ట ఉన్నది, మధ్యలో చెదల మట్టి ఉన్నది.

కనుక ఫోటోలు తీసి కంప్యూటరులో పెట్టండి అని అందరమును అంటున్నాము. నేనును అంటున్నాను. అయితే కంప్యూటరు కూడ మంటికుండ కాదు. 1086 నాటి ఇంగ్లండు భూముల లెక్కల పుస్తకము, డోమ్స్‌డే బుక్, నేటికిని చదవవచ్చును. దాని తొమ్మిది వందల ఏండ్ల పండుగకు 1986లో బి.బి.సి. వారు లేజరు డిస్కులపై చేసిన కొత్త డోమ్స్‌డేను పదిహేనేండ్లు గడిచేసరికి చదివే యంత్రములే కరవైనవి. బ్రిటిష్ లైబ్రరీపై 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగినప్పుడు, వారు అంతర్జాలములో ఉంచిన వ్రాతప్రతులు నెలల తరబడి కనబడలేదు. అంత దూరము ఎందుకు? ఇరవై, పాతికేండ్ల క్రితము మన సంఘముల సంచికలను డి.టి.పి. చేయించిన ఫైళ్లను ఇప్పుడు తెరచి చూడండి. ఆనాటి తెలుగు ఫాంట్లు నేటి కంప్యూటరులో లేనందున ఇంగ్లీషు అక్షరములు, ప్రశ్నార్థకములు, గీతలు కనబడును. అచ్చు ప్రతి దాచినవారి ఇంటిలో మాత్రము అది ఇంకను తెలుగే.

మేము నేర్చుకొన్నవి కొన్ని వ్రాస్తాను, ఇతర పాస్టరేట్లకు పనికి రావచ్చును. పుస్తకమును ఎండలో కాదు, నీడలో, కిటికీ వెలుతురులో, పై నుండి నిట్టనిలువుగా తీయాలి. ఖాళీ పుట అయినను వదలరాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ చిక్కిపోయి అక్షరములు మసకబారును, డాక్యుమెంటుగ పంపాలి. ఒక ప్రతి సంఘములో, ఒకటి అధ్యక్ష మండల కార్యాలయములో, ఒకటి వేరొక ఊరిలో ఉండాలి. ఫోటో తీసిన తరువాత పాత పుస్తకము ఎందుకని ఒక కమిటీ సభ్యుడు అడిగారు. ఆయనను నేను కొంచెము గట్టిగనే అన్నాను. పెళ్లి వీడియో ఉన్నదని భార్యను పుట్టింటికి పంపుతామా?

రిజిస్టరు పుటలను ఫేస్‌బుక్కులో పెట్టాలని ఉత్సాహపడే యౌవనస్థులతో నేను ఏకీభవించలేదు. అందులో పూర్వపు కులము ఉంటుంది, తండ్రి పేరు లేని బిడ్డ ఉంటాడు, ఎవరి ఇంటిలోనో మరచిపోగోరిన సంగతి ఉంటుంది. 1915లో ఆరంభమైన డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి మన చరిత్రలో ఘనమైనది. కాని అటువంటి చోట రోగులుగ ఉన్నవారి ముఖములను ప్రపంచమంతయు చూచునట్లు పెట్టునప్పుడు, వారిని ఎవరును అడగలేదని మనమైన గుర్తుంచుకోవాలి. భద్రము చేయడము వేరు, బజారులో పరచడము వేరు.

ఆ తల్లి ఇచ్చిన ఫోటోను పెద్దదిగ అచ్చు వేయించి, అసలును ఆమెకు తిరిగి ఇచ్చివేశాము. ఒక్కొక్క ముఖము మీద అంకె వేసి, క్రింద పేర్లు వ్రాసి గుడి గోడకు తగిలించాము. ఆ పేర్లను ఇక్కడ ప్రకటించడము లేదు, వారి కుటుంబములన్నిటిని అడగడము ఇంకను పూర్తి కాలేదు. నాలుగవ అంకె, తొమ్మిదవ అంకె ఎదుట ఖాళీగ ఉన్నది. గత ఆదివారము ఆరాధన తరువాత కామారెడ్డి నుండి వచ్చిన ఒక సహోదరుడు తొమ్మిదవ ముఖము ముందు చాలసేపు నిలబడి, తన సెల్‌ఫోనుతో దానిని తీసుకొని, మా అమ్మకు చూపించి చెబుతాను అయ్యగారూ అని వెళ్లాడు. పెన్ను గోడకు దారముతో కట్టి ఉంచాము.