తెర మీద రెండు నిమిషాలు, తెర వెనక చాకిరీ

ఇంగ్లండులో ఇంటర్మీడియట్ స్థాయిలో మీడియా స్టడీస్ చదివే పిల్లలకి ఓ.సి.ఆర్. అనే పరీక్షా బోర్డు 2008 నుంచి దాదాపు పదేళ్ల పాటు ఒక పని పెట్టింది. ఒక కొత్త కథాచిత్రానికి టైటిల్సుతో సహా ప్రారంభాన్ని తీయాలి. రెండు నిమిషాలు మించకూడదు. తీశాక తమ పనిని తామే అంచనా వేసుకుంటూ ఏడు ప్రశ్నలకు జవాబులు రాయాలి. సినిమా సంప్రదాయాల్లో వేటిని వాడుకున్నారు, వేటిని కాదన్నారు? ఏయే సామాజిక వర్గాలను ఎలా చూపించారు? ఎలాంటి సంస్థ దీన్ని పంపిణీ చేయొచ్చు? ప్రేక్షకులు ఎవరు? వాళ్లను ఎలా ఆకట్టుకున్నారు? సాంకేతికంగా ఏం నేర్చుకున్నారు? మొదట చేసిన చిన్న అభ్యాసానికీ దీనికీ మధ్య ఎంత ఎదిగారు?

ఇవి మంచి ప్రశ్నలే. పదహారు పదిహేడేళ్ల పిల్లలు తమ పనికేసి వెనక్కి తిరిగి చూసుకోవడం ఎక్కడైనా మెచ్చుకోదగిందే. కానీ ఈ ఏడింటిలో ఎక్కడా కనిపించని ప్రశ్న ఒకటుంది. డబ్బు లేకుండా సినిమా తీశారు సరే, మరి ఆ డబ్బు స్థానంలో ఎవరి ఒళ్లు ఖర్చయింది? చిన్న బడ్జెట్ సినిమా చరిత్రను స్త్రీల వైపు నుంచి చదివితే మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే.

మా పశ్చిమ ప్రకాశంలో, కనిగిరి పక్కన హనుమంతునిపాడులో ఒక డిగ్రీ విద్యార్థిని ఇలాంటి రెండు నిమిషాల ప్రారంభం తీయాలనుకుందనుకుందాం. చేతిలో ఫోను ఉంది. ఊళ్లో ఎండ ఉంది. మొదటి షాట్ ఏం పెడుతుంది? నూటికి తొంభై మంది పెట్టేది మనం చూడకుండానే చెప్పొచ్చు. నెర్రెలిచ్చిన నేల, దాని మీద నీళ్ల బిందెతో నడిచే ఆడమనిషి. ఈ ప్రాంతం గురించి తీసిన వార్తాచిత్రాలూ డాక్యుమెంటరీలూ ఆ దృశ్యాన్ని ఇప్పటికే అరగదీశాయి. ఇక్కడ కరువు నిజం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోవడం నిజం. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కోసం ఒక తరం ఎదురుచూస్తూ పెరిగిందన్నదీ నిజమే. కాబట్టి ఆ షాట్ అబద్ధం కాదు. అది చవక. సెట్టు అక్కర్లేదు, నటి అక్కర్లేదు, మాట అక్కర్లేదు. "అక్కా, ఇంకొకసారి నడువు" అంటే చాలు. ఆమె నిండు బిందె మళ్లీ చంకకెత్తుకుని మళ్లీ నడుస్తుంది. మూడో టేకు కూడా ఖర్చు లెక్కలో సున్నాగానే ఉంటుంది.

ఈ సున్నా ఎక్కడిదో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1912లో దాదాసాహెబ్ ఫాల్కే పెట్టుబడిదారులను నమ్మించడానికి ఒక చిన్న ఫిల్ము తీశాడు. కుండీలో బఠానీ గింజ నాటి, అది మొలకెత్తి మొక్క కావడాన్ని రోజూ కొంచెం కొంచెంగా కెమెరాలోకి ఎక్కించాడు. మన దేశంలో అప్పు పుట్టించడానికి తీసిన తొలి నమూనా చిత్రం అదేననుకోవచ్చు. ఇవాళ విద్యార్థులు తీసే రెండు నిమిషాల ప్రారంభానికి అది ముత్తాత లాంటిది. అప్పు పుట్టింది. 1913 మే 3న బొంబాయి కారొనేషన్ థియేటర్లో 'రాజా హరిశ్చంద్ర' విడుదలైంది. ఆ అప్పు వెనక సరస్వతీబాయి ఫాల్కే నగలున్నాయి. ఆమె నగలివ్వడంతో ఆగలేదు. యూనిట్ మొత్తానికి వండి పెట్టింది. ముడి ఫిల్ముకి రంధ్రాలు పొడిచింది. రసాయనాలు కలిపింది. నటుల ముఖాల మీద వెలుగు పడేలా ఎండలో తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడింది. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్, ల్యాబ్, లైటింగ్, మెస్సు, నాలుగు శాఖలూ ఆమే. అదే సినిమాలో తారామతి వేషం సాలుంకే అనే మగవాడు వేశాడు. వేషం వేయడానికి ఏ స్త్రీ ముందుకు రాలేని సమాజంలో, తెర మీద స్త్రీ లేకుండా, తెర వెనక ఒక స్త్రీ చాకిరీతో మన తొలి కథాచిత్రం తయారైంది. భారతీయ సినిమాకి పితామహుడెవరో బడిపిల్లలు కూడా చెప్తారు. సరస్వతీబాయి పేరు చెప్పమంటే ఎందరు చెప్పగలరు?

నలభై ఏళ్ల తర్వాత బెంగాల్లో ఇదే కథ మళ్లీ జరిగింది. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'ని 1952 అక్టోబరులో రెల్లుపూల పొలంలో మొదలుపెట్టాడు. వారం తర్వాత మళ్లీ వెళితే పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఏడాది ఆగాల్సివచ్చింది. ఈ ముచ్చట సినిమా విద్యార్థులందరికీ తెలుసు. షూటింగ్ ఆగినప్పుడల్లా డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది అంతగా చెప్పుకోరు. బిజయా రాయ్ నగలు తాకట్టుకి వెళ్లాయి. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుని 1955లో సినిమా బయటికొచ్చింది. ప్రపంచ సినిమాలో పొదుపుకి నమూనాగా చూపించే చిత్రమది. ఆ పొదుపు ఒక ఇల్లాలి ఒంటి మీంచి మొదలైందని సినిమా పాఠంలో ఒక వాక్యమైనా ఉండాలి కదా.

మన తెలుగుకొస్తే, 1932 నాటి 'భక్త ప్రహ్లాద'లో సురభి కమలాబాయి లీలావతిగా మాట్లాడి, పాడి తొలి తెలుగు టాకీకి గొంతునిచ్చింది. సురభి నాటక సమాజాల్లో ఇంటిల్లిపాదీ వేషాలేసేవాళ్లు. ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేయడం వాళ్లకి కొత్త కాదు. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' తీసినప్పుడు దర్శకత్వం తనది, సంగీతం పి.లీలది. కీలకమైన శాఖల్ని స్త్రీలే నడపాలని పట్టుబట్టి చేసిన సినిమా అది. ఆర్థికంగా దెబ్బతింది. ఆ దెబ్బని ఇప్పటికీ సావిత్రి వ్యక్తిగత పతనగాథలో ఒక అంకంగా చెప్తారు తప్ప, పని స్థలాన్ని మార్చాలని చేసిన ప్రయత్నంగా చెప్పరు. మగ దర్శకుడు అప్పులపాలైతే అది కళాతృష్ణ. నటి అప్పులపాలైతే అది తెలివితక్కువతనం.

సమాంతర సినిమా వచ్చాక లెక్క మారిందా? 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో తయారై 1980లో విడుదలైన 'మా భూమి', తారలూ సెట్టింగులూ లేకుండా తెలుగు పల్లెను పల్లెలా చూపించింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తెలంగాణ రైతాంగ పోరాటాన్ని ఒక యువకుడి కథగా చెప్పింది. ఆ తర్వాత 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. అదే పోరాటంలో ఉన్న స్త్రీలు తమ నోటితో తాము చెప్పుకున్న జీవితాలవి. ఆ పుస్తకం చదివాక సినిమా చూసే చూపు మారిపోతుంది. దళాలకి అన్నం పెట్టినవాళ్లు, కబుర్లు మోసినవాళ్లు, పోరాటం ముగిశాక 'ఇక ఇళ్లకి పోండి' అనిపించుకున్నవాళ్లు అందులో మాట్లాడతారు. పోరాటానికీ చిన్న సినిమాకీ ఇక్కడ ఒక పోలిక ఉంది. రెండింటికీ వనరులు తక్కువ. రెండూ ఆశయం పేరుతో నడుస్తాయి. రెండింటిలోనూ వంటా ఇల్లూ ఊడ్పూ ఆశయంలో భాగంగా లెక్కకు రావు.

బి.నర్సింగరావు 'దాసి' (1988) ఈ చాకిరీనే కథావస్తువు చేసుకుంది. గడీలో దొరసానితో పాటు అరణంగా వచ్చిన ఆడబాప బతుకది. అర్చనకి ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం వచ్చింది. ఛాయాగ్రహణం, కళ, దుస్తులు కూడా పురస్కారాలు తెచ్చుకున్నాయి. పొదుపుగా తీసిన సినిమాకి దుస్తుల విభాగంలో జాతీయ గుర్తింపు రావడం గమనించాల్సిన విషయం. దుస్తుల్ని 'ఆడవాళ్ల వ్యవహారం' అని పక్కకు నెట్టలేమని ఆ పురస్కారం ఒప్పుకుంది. ఒక ముతక చీర ఎన్ని ఉతుకులు చూసిందో తెలిస్తే ఆ మనిషి తరగతీ కాలమూ తెలిసిపోతాయి.

అయినా ఈ సినిమాలన్నిట్లో కెమెరా పట్టింది మగవాళ్లే. అది మారిన చోటు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. 2003లో బి.టి. పత్తి వేసిన వరంగల్ రైతుల ఆగ్రహం మీద వాళ్లు తీసిన చిత్రం దేశం దాటి వెళ్లింది. అయితే మన చర్చకు ఆ చిత్రంకంటే ముఖ్యమైనది వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్లు. పైనుంచి కిందికి చూసే షాట్‌ని వాళ్లు 'పటేల్ షాట్' అన్నారు. పటేల్ గద్దె మీద కూర్చుని కింద కూచున్నవాళ్లని అలాగే చూస్తాడు కాబట్టి. కళ్లూ కళ్లూ ఒక మట్టంలో ఉండే షాట్‌ని 'సంఘం షాట్' అన్నారు. సంఘంలో అందరూ నేల మీదే కూర్చుంటారు కాబట్టి.

సినిమా పాఠ్యపుస్తకాలు హై యాంగిల్, ఐ లెవెల్ అని కెమెరా ఎత్తును బట్టి పేర్లు పెడతాయి. వీళ్లు అధికారాన్ని బట్టి పేర్లు పెట్టారు. సినిమా సిద్ధాంతం విశ్వవిద్యాలయాల్లోనే పుడుతుందనుకునే మనలాంటి అధ్యాపకులకు ఇదొక పాఠం. ఇప్పుడు మళ్లీ ఆ బిందె షాట్ చూడండి. మేడ మీద నిలబడి ఫోనుతో కిందికి తీస్తే అది పటేల్ షాటే, తీసింది అదే ఊరి అమ్మాయి అయినా సరే. ఆమె పక్కన నడుస్తూ, ఆమె భుజం ఎత్తున కెమెరా పెట్టి, ఆమె ఊపిరి చప్పుడు వినపడేలా తీస్తే అది సంఘం షాట్. ఖర్చులో తేడా ఒక్క పైసా లేదు. చూపులో ఉంది.

ఖర్చు గురించి ఇంకో మాట. ఫిల్ము కాలంలో 35 ఎం.ఎం. సినిమా నిమిషానికి 90 అడుగులు నడిచేది. రెండు నిమిషాలకి 180 అడుగులు. ఒక్కో షాట్ అయిదు టేకులు తీస్తే 900 అడుగులు. ప్రతి అడుగుకీ డబ్బు కాబట్టి 'ఇంకోసారి' అనే ముందు దర్శకుడు ఆలోచించేవాడు. ఫోనులో అడుగుల లెక్క లేదు. 'ఇంకోసారి' అనడానికి అడ్డేమీ లేదు. అంటే ఫిల్ము మిగిల్చిన ఖర్చంతా మనిషి ఓపిక మీదికి మళ్లింది. సాంకేతికత సినిమాని ప్రజాస్వామ్యం చేసిందని మనం సంబరంగా రాసుకుంటున్నాం. ఆ మాటలో సగమే నిజం. కెమెరా చవకయింది సరే, ఎదురుగా నిలబడే మనిషి కాలం కూడా దాంతో పాటే చవకయింది.

దీనికి మందు పెద్ద బడ్జెట్ కాదు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో నటుల్లో చాలామంది విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే. నిర్మాత ప్రవీణ పరుచూరి, వృత్తిరీత్యా వైద్యురాలు. ఆ సినిమాలో పేట జనం వెనక గుంపుగా మిగలరు. పేర్లున్న పాత్రలై, ప్రేమించి, పోట్లాడి, వయసు మీరాక కూడా పెళ్లి గురించి ఆలోచిస్తారు. చిన్న డబ్బుతో తీసినా మనుషుల్ని చిన్నగా చూపనక్కర్లేదని అది రుజువు చేసింది.

మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అక్కడి పలకల మీద అక్షరాలు దిద్దుకున్నారు. ఆ పలకలు కోసి, నునుపు చేసిన చేతుల్లో ఎన్నో ఆడవాళ్లవీ, బడికి పోవాల్సిన పిల్లలవీ. 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. సినిమా క్లాప్ బోర్డుని ఇంగ్లిషువాళ్లు పలక అనే పిలుస్తారు. దాని మీద సినిమా పేరు, దర్శకుడి పేరు, కెమెరామన్ పేరు రాస్తారు. పలకని చేసిన చేతికీ, పలక మీద ఎక్కిన పేరుకీ మధ్య ఉన్న దూరం మా ప్రాంతం వాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

అందుకని, మన కళాశాలల్లో సినిమా ప్రాజెక్టులు ఇచ్చే అధ్యాపకురాళ్లకు ఒక ప్రతిపాదన. ఆ ఏడు ప్రశ్నలు అలాగే ఉండనివ్వండి. వాటి పక్కన మరో నాలుగు చేర్చండి. మీ షూటింగ్ రోజుల్లో ఎవరు వండారు, ఎన్ని పూటలు? ఎవరి ఇల్లు, ఎవరి చీరలు, ఎవరి సామాను వాడుకున్నారు, తిరిగి ఎలా ఇచ్చారు? కెమెరా ముందు నిలబడినవాళ్లు ఎంతసేపు నిలబడ్డారు, వద్దు అనే హక్కు వాళ్లకి ఉందా? వాళ్లలో ఎందరి పేర్లు టైటిల్సులో ఉన్నాయి?

మొదటి మూడింటికీ ఒక నోటుపుస్తకం చాలు, రోజు చివర పది నిమిషాలు చాలు. నాలుగోదానికి తెర మీద కొన్ని సెకన్లు కావాలి. ఆ రెండు నిమిషాల్లో బిందె మోసినామె పేరుకి నాలుగు సెకన్లు, అన్నం వండిన అమ్మ పేరుకి నాలుగు సెకన్లు. 'సహకరించిన గ్రామస్థులకు కృతజ్ఞతలు' అని ఒక్క వాక్యంలో అందర్నీ కట్టేయకుండా, రేషను కార్డులో ఉన్నట్టు ఒక్కొక్కరి పేరూ విడివిడిగా వేయాలి. సరస్వతీబాయి ఫాల్కే గురించి మనం ఇప్పుడు వెతుక్కుని రాసుకోవాల్సి వస్తోంది. ఈ అమ్మాయిలు తీసే సినిమాల గురించి రేపు రాసేవాళ్లకి ఆ వెతుకులాట కొంతైనా తగ్గాలి.