ట్వీటర్ కాయిల్ మాడకుండా

స్పీకర్‌లో హెచ్చు స్వరాలు పలికే ట్వీటర్ ప్రాణమంతా దాని వాయిస్ కాయిల్‌లో ఉంటుంది. చాలా సన్నని తీగ అది. ఇళ్లలో వాడే స్పీకర్లకు అందే కరెంటులో శబ్దంగా మారేది సుమారు నూటికి ఒక పాలు, మిగిలిందంతా వేడే. ఇన్నేళ్లలో పుట్టిన రక్షణ సాధనాల్లో ఎక్కువ భాగం ఆ వేడిని బయటి నుంచి అంచనా వేసినవే.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ మూవింగ్ కాయిల్ స్పీకర్‌ను వివరించేనాటికి ఒకే కోన్ అన్ని స్వరాలూ పలికేది. టాకీలు వచ్చాక అది చాలలేదు. బెల్ ల్యాబ్స్‌లో బోస్ట్‌విక్ 1930 ప్రాంతంలో హెచ్చు స్వరాలకు వేరే యూనిట్ తయారుచేశాడు. డగ్లస్ షియరర్ నడిపిన ఎం.జి.ఎం. శబ్ద విభాగం రెండు భాగాల హార్న్ సిస్టమ్ రూపొందించి, 1936 సంవత్సరపు ఆస్కార్‌లలో సాంకేతిక గుర్తింపు పొందింది. స్వరాలను విడదీయడానికి క్రాసోవర్ కావలసొచ్చింది. అందులో ట్వీటర్‌కు సిరీస్‌లో ఉండే కెపాసిటర్ బేస్‌నూ డీసీనీ ఆపుతుంది. ఆంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్ షార్టయిన రోజున బేస్ పలికే వూఫర్ మాడిపోయినా ట్వీటర్ బతికేది దీనివల్లే.

1950ల చివర అకూస్టిక్ రీసెర్చ్ వారి ఏఆర్-3తో డోమ్ ట్వీటర్ ఇళ్లకు చేరింది. 1970లలో ఫేజ్ లీనియర్ 700 లాంటి ఆంప్లిఫయర్లు ఛానెల్‌కు 350 వాట్లు ఇవ్వసాగాయి. అప్పుడు ఫ్యూజు అవసరమైంది. కానీ డ్రమ్ము దెబ్బకు తెగని ఫ్యూజు, నెమ్మదిగా వేడెక్కే కాయిల్‌ను కాపాడలేదు. పైగా తెగితే దాని బదులు తీగ ముక్క చుట్టేవాళ్లూ ఉన్నారు. అంతకంటే తెలివైనది బల్బు. చల్లగా ఉన్నప్పుడు ఫిలమెంటు నిరోధం తక్కువ, కాబట్టి పాటకు అడ్డు రాదు. కరెంటు పెరిగి వెలిగితే నిరోధం పది రెట్ల దాకా పోతుంది, అదనపు శక్తి వెలుగుగా, వేడిగా బయటికి పోతుంది. తర్వాత వచ్చిన పాలీస్విచ్ వేడెక్కితే కరెంటును దాదాపు ఆపేసి, చల్లారితే మళ్లీ వదులుతుంది. రాకెట్ ఇంధనం కోసం 1963లో నాసా ఇంజనీర్ పాపెల్ రూపొందించిన అయస్కాంత ద్రవం కూడా కాయిల్ చుట్టూ చేరి, వేడిని అయస్కాంతానికి లాగసాగింది.

చిన్న ఆంప్లిఫయరే ట్వీటర్‌ను చంపుతుందని, శక్తి చాలక శిఖరాలు తెగే క్లిప్పింగ్‌లో పుట్టే హార్మోనిక్సే కారణమని మన మైక్‌సెట్ల వాళ్లు కూడా నమ్ముతారు. ఇది సగం నిజం. క్లిప్పింగ్ ముదిరి పూర్తి స్క్వేర్ వేవ్ అయినా, అందులో హార్మోనిక్స్ శక్తి 19 శాతమే. అసలు దోషం వాల్యూమ్‌ది. బేస్ శిఖరాలు పైకప్పు తాకి ఆగిపోయినా, నాబ్ తిప్పేకొద్దీ హెచ్చు స్వరాలు పెరుగుతూనే ఉంటాయి. ట్వీటర్‌కు సగటు శక్తి ఎక్కువై, ఊపిరాడక మాడుతుంది.

రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. ఇప్పటి ఫోన్లలోని స్మార్ట్ ఆంప్లిఫయర్లు వోల్టేజీ, కరెంటు కొలిచి, ఆ లెక్కతో కాయిల్ వేడిని నేరుగా తెలుసుకుని శబ్దాన్ని తగ్గిస్తాయి. నా దృష్టిలో ఇదే మొదటి నిజమైన కొలత. అయినా ట్వీటర్‌ను సొంత ఆంప్లిఫయర్‌కు నేరుగా కలిపే సిస్టమ్‌లలో కూడా, స్విచ్చు వేసేటప్పుడు వచ్చే దెబ్బకు భయపడి, తెలిసినవాళ్లు మధ్యలో ఒక కెపాసిటర్ ఇప్పటికీ ఉంచుతారు.